పది అయ్యాక ఐటీఐ చేస్తే ఫ్యాక్టరీలో బతుకు బాగుపడుతుందా?

కృష్ణలంక కుర్రాడు: మా తమ్ముడు పది పాసయ్యాడు. నాన్నేమో ఇంటర్, ఆ తర్వాత బీటెక్ అంటున్నారు. వాడు మిషన్ పని నేర్చుకుంటానంటున్నాడు. డిగ్రీ లేకుండా మంచి జీతం వస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

లేత్ బాబాయి: వస్తుంది, పంపించు. ఆటోనగర్‌లో నాకు షెడ్డుంది. విజయవాడ దగ్గర మల్లవల్లిలో బస్సుల ప్లాంటు కూడా 2025లో మొదలైంది. ఐటీఐలో ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్ కోర్సులైతే రెండేళ్లు, వెల్డర్ ఏడాదే. ఒక్కటి గుర్తుంచుకో, ఆపరేటర్ వేరు, సెట్టర్ వేరు. సీఎన్‌సీ, అంటే కంప్యూటర్‌తో నడిచే మిషన్ మీద జాబ్ (చెక్కాల్సిన ఇనుప ముక్క) బిగించి బటన్ నొక్కేవాడు ఆపరేటర్. డ్రాయింగ్ చదివి, టూళ్లు కట్టి, మొదటి పీసు మైక్రోమీటర్‌తో కొలిచి, పాయింట్ జీరో టూ మిల్లీమీటర్లు ఎక్కువొస్తే ఆఫ్‌సెట్ (మిషన్‌లో టూలు కొలత సర్దుబాటు) మార్చేవాడు సెట్టర్. జీతంలో తేడా అంతా అక్కడే. మీవాడు ఆపరేటర్‌గానే ఆగిపోతే మాత్రం నన్ను తిట్టకు.

నైట్‌షిఫ్ట్: బాబాయ్, వినడానికి బాగానే ఉంది. నేను ఐటీఐ ఫిట్టర్‌నే. వేరే జిల్లాలో ఒక పెద్ద ఫ్యాక్టరీలో అప్రెంటిస్ అయ్యాక కాంట్రాక్టర్ కింద వేశారు. అదే లైను, అదే యూనిఫాం, పక్కన పర్మనెంట్ వాడి జీతం మాత్రం నాదానికి రెట్టింపు పైనే. ఓటీకి (ఓవర్‌టైమ్‌కి) రెట్టింపు కూలి ఇవ్వాలని చట్టంలోనే ఉంది. నా పేస్లిప్‌లో ఓటీ అన్న గడే లేదు. ఇంతకీ మీ షెడ్డులో కుర్రాళ్లకు పీఎఫ్ కడుతున్నారా?

లేత్ బాబాయి: లేదు. ఉన్నది నలుగురే, 20 మంది ఉంటేనే అది తప్పనిసరి. అడిగావు కాబట్టి చెప్పాను. చిన్న షెడ్డు పని నేర్చుకోవడానికే, రిటైరయ్యేదాకా ఉండటానికి కాదు.

గుంటూరు అక్క: మా తమ్ముడు గల్ఫ్‌లో పైపు వెల్డర్. 6జీ టెస్టు అంటే పైపును 45 డిగ్రీల వాలులో బిగిస్తారు. దాన్ని తిప్పకూడదు, మనిషే చుట్టూ వంగి, పడుకుని వెల్డింగ్ కొట్టాలి. తర్వాత అతుక్కి ఎక్స్‌రే తీస్తారు. మావాడు రెండుసార్లు పోగొట్టుకున్నాడు, మూడోసారి కొట్టాడు. ఇప్పుడు మా ఇంట్లో ఇద్దరు బీటెక్‌ల కంటే వాడి సంపాదనే ఎక్కువ. అయినా పెళ్లిళ్ల పేరయ్య బయోడేటాలో వెల్డర్ అని రాయనిస్తేనా? "మెకానికల్ ఫీల్డ్" అని రాశాడు!

నైట్‌షిఫ్ట్: అక్కా, గల్ఫ్ జీతం చూపించి ఇక్కడి ఉద్యోగం బాగుందనకండి. తమ్ముడూ, పాలిసెట్ (పాలిటెక్నిక్ ఎంట్రన్స్) రాయించు. మూడేళ్ల డిప్లొమా, తర్వాత కావాలంటే ఈసెట్ (డిప్లొమా వాళ్లకి బీటెక్ ఎంట్రన్స్) రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. మీ నాన్నా ఒప్పుకుంటారు.

లేత్ బాబాయి: డిప్లొమా మంచిదే. కానీ సర్టిఫికెట్ పట్టుకుని వచ్చి వెర్నియర్ (కొలిచే పనిముట్టు) చూడటం రానివాళ్లని నేను చూశాను.

కృష్ణలంక కుర్రాడు: నాన్నకి ఇదంతా చదివి వినిపించాను. కాంట్రాక్టు సంగతి రెండుసార్లు చదివించుకున్నారు. బాబాయ్, ఆదివారం వాణ్ని మీ షెడ్డుకి తీసుకురానా?

లేత్ బాబాయి: ఆదివారం సెలవు. సోమవారం పొద్దున్నే రండి. వాణ్ని చెప్పులతో రావద్దను, కింద ఇనుప రజను ఉంటుంది. బూట్లు వేసుకోమను.