1969 జీటీఓ సిగ్నళ్ళ దగ్గర మాత్రమే వేడెక్కుతోంది: కొత్త రేడియేటర్ కొనాలా?

ప్రశ్న (డాలస్ నుంచి)

అందరికీ నమస్కారం. నా దగ్గర 1969 నాటి పాంటియాక్ జీటీఓ ఉంది. 400 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిన్, ఏసీ లేదు. హైవే మీద 65 మైళ్ళ వేగంతో వెళ్తున్నంతసేపూ ఇంజిన్ వేడి చూపే మీటరు ముల్లు 190 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర నిలకడగా ఉంటుంది. ఊళ్ళోకి వచ్చి రెండు సిగ్నళ్ళ దగ్గర ఆగితే చాలు, 225 దాటుతుంది. మొన్న ఆదివారం గుడి నుంచి బయలుదేరుతుంటే పార్కింగ్‌లోనే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) పొంగి నేలంతా పచ్చగా అయింది. వెనక సీట్లో పిల్లలున్నారు, చాలా భయం వేసింది. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని కవాటం) తీసేసి చూశాను, ఏమీ మారలేదు. ఒక గ్యారేజీవారు పాత రాగి రేడియేటర్ తీసేసి అల్యూమినియంది పెట్టి, రెండు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు బిగిస్తామన్నారు. మొత్తం 1,800 డాలర్లట. ఖర్చుకు వెనకాడను గానీ, జబ్బేమిటో తెలియకుండా మందు కొనడం ఇష్టం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం (ఫీనిక్స్ నుంచి)

ఇప్పుడే డబ్బు కట్టకండి. మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. పరుగెత్తేటప్పుడు చల్లగా ఉండి, ఆగినప్పుడు వేడెక్కుతోందంటే రేడియేటర్‌కు సత్తువ ఉన్నట్టే. ఆగినప్పుడు దానికి గాలి అందడం లేదు. ఇందుకు విరుద్ధంగా, ఊళ్ళో బాగుండి హైవే మీద ముల్లు పైకి పాకుతుంటే రేడియేటర్ గొట్టాలు పూడుకుపోయాయనో, కింది హోస్ పంపు పీల్పుకు నొక్కుకుపోతోందనో అనుమానించాలి.

ముందుగా ఫ్యాన్ చుట్టూ ఉండాల్సిన తొడుగు, అంటే ష్రౌడ్, ఉందో లేదో చూడండి. చేతులు మారిన పాత కార్లలో దాన్ని ఎవరో ఎప్పుడో తీసి పక్కన పడేసి ఉంటారు. అది లేకపోతే ఫ్యాన్ ఇంజిన్ దగ్గరి వేడిగాలినే కలియతిప్పుతూ ఉంటుంది. ఊదుగొట్టం లేకుండా పొయ్యి ఊదితే ఊపిరంతా పక్కలకు పోతుంది కదా, అలాగే. తొడుగు ఉన్నా చాలదు, రెక్కల వెడల్పులో దాదాపు సగం దాని లోపల ఉండాలి.

తరవాత ఫ్యాన్ క్లచ్, అంటే వేడిని బట్టి ఫ్యాన్‌ను ఇంజిన్‌తో గట్టిగానో వదులుగానో కలిపే భాగం. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపేసి, రెక్కను చేత్తో తిప్పండి. బరువుగా, అడ్డుపడుతున్నట్టు కదలాలి. రెండు మూడు చుట్లు గిర్రున తిరిగితే క్లచ్ పోయినట్టే.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ల సంగతి. రెండూ కలిసి 30 ఆంపియర్లకు పైగా లాగుతాయి. మీ కారుకు పుట్టుకతో వచ్చిన ఆల్టర్నేటరే (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) ఉంటే రాత్రిపూట హెడ్‌లైట్లు, ఫ్యాన్లు కలిపి మోయలేదు. కాబట్టి పెద్ద ఆల్టర్నేటర్, రిలేలు, లావు తీగలు, ఫ్యూజులు కూడా కొనాలి. ఆ గ్యారేజీవారి లెక్కలో ఇవి ఉన్నాయేమో అడగండి.

సమాధానం (డెట్రాయిట్ నుంచి)

పైవారు చెప్పినవన్నీ నిజమే. అయితే ఇది పాంటియాక్ ఇంజిన్ కాబట్టి ఇంకొకటి తప్పక చూడాలి. నీటి పంపు వెనక, టైమింగ్ కవర్‌కు (ఇంజిన్ ముందు భాగపు మూతకు) ఆనుకుని పల్చటి ఉక్కు రేకు ఉంటుంది. పంపులోకి వచ్చే నీటిని, బయటికి నెట్టే నీటిని వేరుచేసేది అదే. ఇంపెల్లర్ (పంపు లోపల తిరుగుతూ నీటిని తోసే చక్రం) రెక్కలకు, ఆ రేకుకు మధ్య సందు ఎంత తక్కువ ఉంటే పంపు అంత గట్టిగా తోస్తుంది. సందు పెద్దదైతే నీరు అక్కడక్కడే సుడి తిరుగుతుంది, ఇంజిన్ నెమ్మదిగా తిరిగే వేళ ఆ లోటు మరీ కనిపిస్తుంది. పాంటియాక్ బ్రాండు 2010లో మూతపడింది, ఇప్పుడు దొరికే కొత్త పంపుల్లో చాలావాటికి పోత ఇనుము బదులు రేకుతో అచ్చు వేసిన ఇంపెల్లర్ వస్తోంది. దానితో సందు ఇంకా పెరుగుతుంది.

కొలవడం తేలిక. పంపు విప్పి, పిల్లలు ఆడుకునే బంకమట్టిని చిన్న చిన్న ముద్దలుగా రేకు మీద అంటించండి. పంపును గాస్కెట్‌తో సహా మళ్ళీ బిగించి, చేత్తో ఒక చుట్టు తిప్పి విప్పండి. మిగిలిన మట్టి మందమే సందు. ఎక్కువగా ఉంటే రేకును బయటికి తీసి, చెక్క మీద పెట్టి సుత్తితో మెల్లగా ఇంపెల్లర్ వైపు వంచాలి. దగ్గరగా రావాలి, తగలకూడదు. ఒక ముఖ్య విషయం: 1968 వరకు పంపు కవర్‌కు 8 బోల్టులు, 1969 నుంచి 11. పంపు కొనేముందు మీ కారుకు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి, మధ్యలో ఎవరైనా ఇంజిన్ మార్చి ఉండవచ్చు.

సమాధానం (ఆస్టిన్ నుంచి)

థర్మోస్టాట్ దయచేసి తిరిగి పెట్టండి. అది లేకుండా నడిపితే చలికాలంలో ఇంజిన్ సరిగా వేడెక్కక సిలిండర్లు త్వరగా అరుగుతాయి. 180 డిగ్రీలది సరిపోతుంది. రేడియేటర్ మూత కూడా మార్చండి. మూత నిలిపే ఒత్తిడిలో (చదరపు అంగుళానికి) ప్రతి పౌనుకు మరుగు స్థానం దాదాపు 3 డిగ్రీలు పెరుగుతుంది. 15 పౌన్ల మూత బాగుంటే సగం నీరు, సగం కూలెంట్ కలిపిన ద్రవం 225 దగ్గర పొంగకూడదు. మీది పొంగిందంటే ఆ మూత మీద నాకు నమ్మకం లేదు. ఇంజిన్ వేడిగా ఉండగా మాత్రం దాని మీద చెయ్యి వేయకండి.

డిస్ట్రిబ్యూటర్ (సిలిండర్లకు నిప్పురవ్వ పంచే భాగం) వ్యాక్యూమ్ గొట్టం, అంటే నిప్పురవ్వను ముందుకు జరిపే సన్నని గొట్టం, ఊడిపోయిందేమో కూడా చూడండి. ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు నిప్పురవ్వ ఆలస్యమైతే మంట సిలిండర్‌లో పూర్తికాకుండానే ఎగ్జాస్ట్ వైపు వెళ్తుంది, ఆ వేడంతా హెడ్‌ల మీద పడుతుంది.

ప్రశ్న అడిగినవారి నుంచి, మూడు వారాల తరవాత

అందరికీ కృతజ్ఞతలు. ష్రౌడ్ అసలు లేదు! అది బిగించే రంధ్రాలు మాత్రం ఉన్నాయి. వేడి ఇంజిన్ మీద ఫ్యాన్‌ను తిప్పితే గాలిమరలా తిరిగింది. పంపు విప్పితే రేకు అంచు తుప్పుపట్టి చిల్లులు పడి ఉంది, బంకమట్టి పావు అంగుళానికి కొంచెం తక్కువ తేలింది. కొత్త రేకు, పోత ఇనుప ఇంపెల్లర్ ఉన్న పంపు, ష్రౌడ్, క్లచ్, మూత, థర్మోస్టాట్ అన్నీ కలిపి 500 డాలర్లలోపే అయ్యాయి. పాత రేడియేటర్‌ను రిపేరు షాపులో పరీక్షిస్తే నీరు ధారగా పారింది, దాన్నే ఉంచాను. నిన్న 101 డిగ్రీల ఎండలో 20 నిమిషాలు ఇంజిన్ ఆపకుండా నిలబెట్టాను. ముల్లు 200 దగ్గర ఆగింది. మీటరు మీద నమ్మకం లేక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో థర్మోస్టాట్ గూడు మీద కూడా చూశాను, 196. ఒక సందేహం మాత్రం ఉంది: కూలెంట్ నింపాక మొదటి రోజు హీటర్‌లో గలగల శబ్దం వచ్చింది. ప్రమాదమా?

సమాధానం (ఫీనిక్స్ నుంచి)

చాలా సంతోషం. ఆ శబ్దం లోపల మిగిలిన గాలిది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కారు ముందు చక్రాలను ర్యాంపు ఎక్కించి, మూత తీసి, హీటర్ పూర్తిగా తెరిచి ఇంజిన్ నడపండి. థర్మోస్టాట్ తెరుచుకుని బుడగలు ఆగేదాకా కొంచెం కొంచెంగా నింపి మూత పెట్టండి. తీసిన పాత కూలెంట్‌ను బయట వదలకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, కొద్దిగా తాగినా ప్రాణం పోతుంది. మూత బిగించిన డబ్బాలో పోసి, పాత ఆయిలు, కూలెంట్ తీసుకునే కేంద్రంలో ఇవ్వండి.