బొంతకి పాత నూలు గుడ్డలు వైజాగ్‌లో చవగ్గా ఎక్కడ దొరుకుతాయి?

సీతమ్మధార కోడలు: మా అత్తగారు కుట్టిన బొంత చూసి నాకూ పిచ్చి పట్టుకుంది. కొత్త కాటన్ మీటర్ల లెక్కన కొంటే ఏ దుప్పటో కొనుక్కోడమే నయం అనిపిస్తోంది. పూర్ణా మార్కెట్ వైపు వెళ్తే నూలు అని చెప్పి పాలిస్టర్ అంటగట్టబోయారు. పాత చీరలు, కట్ పీసులు ఎక్కడ దొరుకుతాయో చెప్పండి ప్లీజ్.

గాజువాక టైలర్: షాపులెందుకమ్మా, మీ వీధి టైలర్ని అడగండి. జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుట్టగా మిగిలిన ముక్కలు సంచుల్లో కుక్కి పెడతాం, పెళ్లిళ్ల సీజన్లో, సంక్రాంతి ముందు ఆ సంచులకి కాలు పెట్టే చోటుండదు, అప్పుడొచ్చి అడిగితే ఊరికే పట్టుకెళ్లమంటాం. లైనింగ్ ముక్కలు విడిగా అడగండి, లోపలి పొరకి బావుంటాయి. ఏరుకోడం మాత్రం ఇంటికెళ్లి చేసుకోండి, షాపులో కూర్చుంటే మా పనవ్వదు.

పెందుర్తి పిన్ని: పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆడవాళ్లు మా వీధిలోకి వస్తారు కదా, వాళ్లు మూట విప్పి సర్దుకునేటప్పుడు అడిగితే నూలు చీరలు తీసి ఇస్తారు, బేరమాడితే నాకు చీర 40కి వచ్చింది. వెలుతురుకి పట్టి చూడకుండా తీసుకోకండి. జల్లెడలా కనబడితే వదిలెయ్యండి, రెండు చేతుల్తో లాగినప్పుడు చర్రుమంటే బొంత ఒక్క ఉతుక్కి కూడా ఆగదు. ఇంకోటి, చీర అయిదున్నర మీటర్లు, సగానికి కోసి పక్కపక్కన కలిపితే డబుల్ కాట్ బొంతకి పైవైపు అయిపోద్ది. అన్నీ ముక్కలే అతకాలని రూలేం లేదు.

భీమిలి రోడ్డు: పేరంటాల్లో ఇచ్చిన జాకెట్టు గుడ్డలు బీరువాలో మూలుగుతుంటే బయట కొనడం దేనికండీ? మా అపార్ట్‌మెంట్ వాట్సాప్‌లో అడిగాను, సాయంత్రానికల్లా సంచి నిండింది.

పెందుర్తి పిన్ని: వాటిలో సగం పాలిస్టర్ కలిసినవే అమ్మా, ఉక్కపోతకి ఒంటికి అంటుకుపోతాయి.

మర్రిపాలెం: పోగు లాగి కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసనొచ్చి బూడిద మెత్తగా రాలుద్ది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుద్ది. రెండూ కలిస్తే కొంత బూడిద, కొంత ముద్ద. సింకు దగ్గర కాల్చండి బాబూ, కర్టెన్ పక్కన కాదు.

భీమిలి రోడ్డు: సరే పిన్నీ, కాల్చి చూస్తా. ముదురు ఎరుపు, నీలం గుడ్డలు మాత్రం తడిపి తెల్ల గుడ్డతో రుద్ది చూడాలి, రంగు అంటితే విడిగా ఉతకాలి. కొత్త ముక్కలైతే ముందే తడిపి ఆరేసుకుని కొయ్యాలి, లేకపోతే అవి తర్వాత కుంచించుకుపోయి పాత గుడ్డ ముడతలు పడుద్ది. వానాకాలం మన దగ్గర గాలికే చెమ్మ, బాగా ఎండనివ్వకుండా మూట కడితే బూజు ఖాయం.

సీతమ్మధార కోడలు: మధ్యలో పొరకి ఏం వెయ్యాలి?

పెందుర్తి పిన్ని: పాత పంచెలు, లుంగీలు. మరీ మందం చెయ్యకు, సూది దిగదు, దబ్బనం పట్టాల్సొస్తది.

సీతమ్మధార కోడలు: టైలర్ గారూ, ఆదివారం గాజువాక వస్తున్నా, రెండు సంచులు ఉంచుతారా?

గాజువాక టైలర్: ఆదివారం షాపు కట్టేస్తామమ్మా. సోమవారం పొద్దున్నే రండి, సంచులు మీరే తెచ్చుకోండి.