గండికోటలో రాత్రి బస: మిగిలిన నిప్పులను గుడారం గుమ్మంలో పెట్టుకోవచ్చా?

ప్రశ్న (ప్రొద్దుటూరు)

అందరికీ నమస్కారం. డిసెంబరు సెలవుల్లో మావి రెండు కుటుంబాలు, నలుగురు పిల్లలతో గండికోటలో గుడారాలు వేసుకొని ఒక రాత్రి గడపాలనుకుంటున్నాము. మడిచి తీసుకువెళ్లే బార్బెక్యూ పొయ్యి, 3 కిలోల బొగ్గులు సిద్ధంగా ఉన్నాయి. ఉదయం ఇంట్లోనే మసాలా పట్టించిన కోడిమాంసాన్ని సాయంత్రం అక్కడ కాల్చుకోవాలన్నది ఆలోచన. వంట ముగిశాక మిగిలిన నిప్పులను గుడారం గుమ్మంలో పెడితే పిల్లలకు తెల్లవారుజామున చలి తెలియదని మా బావమరిది అంటున్నాడు. మంట ఉండదు, పొగ ఉండదు కనుక భయం లేదన్నది అతని వాదన. అది సరైనదేనా?

జవాబు 1 (కర్నూలు)

దయచేసి ఆ పని చేయవద్దు. మంట, పొగ లేకపోవడమే ఇక్కడ మనిషిని మోసం చేస్తుంది. సగం సగంగా కాలే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. రంగూ వాసనా లేని ఆ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకొంటుంది కనుక, ఊపిరి మామూలుగానే ఆడుతున్నట్లు ఉన్నా శరీరానికి ప్రాణవాయువు అందదు. మెలకువగా ఉన్నవారికి తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం వంటి సూచనలైనా తెలుస్తాయి. నిద్రపోయినవారికి అవీ తెలియవు. గుడారం జిప్పు తీసి ఉంచినా చాలదు. పైన బూడిద కప్పుకొని ఆరినట్లు కనిపించే బొగ్గులు కూడా గంటల తరబడి ఈ వాయువును వదులుతూనే ఉంటాయి కనుక, పొయ్యిని గుమ్మంలోనే కాదు, కారులోనూ పెట్టకూడదు.

పూర్వం బాలింతల గదిలో కుంపటి పెట్టేవారు కదా అని మీ బావమరిది అడగవచ్చు. మన మట్టి మిద్దెలకు పైన గవాచి, అంటే గాలీ వెలుతురూ వచ్చేందుకు పైకప్పులో వదిలిన రంధ్రం, ఉండేది. గుడారానికి అది లేదు. గవాచి ఉన్నా ఆ అలవాటు మంచిదని నేను అనను. చలికి రగ్గులు అదనంగా తీసుకువెళ్లండి. ఎవరికైనా తల బరువెక్కి వాంతి వచ్చేలా ఉంటే వెంటనే అందరినీ ఆరుబయటికి తెచ్చి 108కి ఫోన్ చేయండి.

జవాబు 2 (జమ్మలమడుగు)

పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. లోయ అంచున గాలి ఉన్నట్టుండి దిశ మార్చుకుంటుంది కనుక, పొయ్యిని గుడారాలకు దూరంగా, ఎండుగడ్డి లేని చదునైన నేల మీద పెట్టి, పక్కనే బకెట్ నీళ్లు ఉంచుకోండి. కోట గోడల పక్కన, మాధవరాయ ఆలయం, జుమ్మా మసీదు పరిసరాల్లో నిప్పు రాజేయవద్దు. గుడారాల స్థలంలోనైనా నిర్వాహకులను అడిగాకే వెలిగించండి. బొగ్గు త్వరగా అంటుకోలేదని పెట్రోలు పోయడం అన్నిటికంటే పెద్ద తెలివితక్కువ పని.

నా తప్పు కూడా చెబుతాను. ఒకసారి పెన్నా ఒడ్డున వంట ముగించి, నిప్పులను ఇసుకలో పూడ్చి, పని అయిపోయిందనుకున్నాను. చాలాసేపటికి మా అన్న కొడుకు చెప్పుల్లేకుండా అక్కడ కాలు పెట్టాడు. అరికాలు బొబ్బలెక్కి పది రోజులు నడవలేకపోయాడు. ఇసుక నిప్పును ఆర్పలేదు, దాచింది. నిప్పులపై నీళ్లు కొద్దికొద్దిగా, ఆవిరి ముఖానికి కొట్టకుండా పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోయండి. బుసబుస శబ్దం ఆగి, బూడిద పూర్తిగా చల్లబడితేనే వదలండి.

జవాబు 3 (అనంతపురం)

మాంసం గురించి ఎవరూ చెప్పలేదు. ఉదయం పట్టించిన మసాలా మాంసం సాయంత్రం వరకు డిక్కీలో ఉండకూడదు. ఐసు నింపిన పెట్టెలోనే ఉండాలి. కాలిన రంగు చూసి ఉడికిందనుకోవద్దు. ముక్క మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ వేడి చేరాలి. పచ్చి మాంసం పెట్టిన గిన్నెలోనే కాల్చిన ముక్కలు వేయవద్దు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మా బావమరిదికి ఇవన్నీ చదివి వినిపించాను. గవాచి మాట దగ్గర ఆగి, రగ్గులు తానే తెస్తానన్నాడు. పొయ్యిని రాత్రి గుడారాలకు దూరంగా, ఆర్పేసి, బయటే వదిలేస్తాము.