"దైర్ నహీఁ, హరమ్ నహీఁ": ఈ దైర్ గుడేనా?

పద్యప్రియ: ఉర్దూ కవి గాలిబ్ షేర్ (రెండు పాదాల పద్యం) ఒకటి రెండు రోజులుగా నోట్లో నానుతోంది. "దైర్ నహీఁ, హరమ్ నహీఁ, దర్ నహీఁ, ఆస్తాఁ నహీఁ." రెండో పాదం చివర తెగిపోతోంది. పాత నోటుబుక్కులో "దైర్ = గుడి" అని రాసుకున్నాను. సరేనా?

పాతబస్తీ: దేర్ అని మాత్రం చదవకండి, ఆలస్యమైపోతుంది అర్థం. ఆ ఐత్వంలోనే ఉంది ప్రాణం. హరమ్‌కి (మక్కా పవిత్ర ఆవరణకి) జోడీగా వచ్చింది కాబట్టి గుడే.

కృష్ణాతీరం: దేవళం, దేవర, దైర్. చుట్టరికం కనబడటం లేదూ?

సిరిమల్లె: లేదండీ. తూర్పు క్రైస్తవుల పాత భాష సిరియాక్‌లో దైరా, అరబీలో దైర్. క్రైస్తవ సన్యాసుల మఠం. ఇల్లు అనే అర్థంలో వాడే దార్‌దీ అదే ధాతువు. మన హైదరాబాద్ దారుల్‌షిఫాలో ఉన్నది ఆ దారే.

కృష్ణాతీరం: మరి జమీందార్?

సిరిమల్లె: అది పారసీ దార్, కలిగినవాడని. దైర్ రుచి తెలియాలంటే పాత అరబీ కవి అబూ నువాస్ దగ్గరికి వెళ్ళాలి. "యా దైర హన్నత మిన్ దాతిల్ ఉకైరాహి" అని మఠాన్ని పేరు పెట్టి పిలుస్తాడు. నీ మత్తు ఎవరికి దిగినా నాకు దిగదంటాడు! మఠాల్లో ద్రాక్షతోటలుండేవి, క్రైస్తవులకు మద్యం నిషేధం కాదు. పండగపూట బాగ్దాద్ రసికులంతా అక్కడే. 10వ శతాబ్దంలో కైరోలో ఫాతిమీ ఖలీఫా గ్రంథాలయం చూసుకున్న షాబుష్తీ ఈ మఠాల మీద, వాటి పద్యాల మీద ఒక పుస్తకమే కూర్చాడు.

పాతబస్తీ: ఉకైరాహ్ ఊరి పేరు కదా?

సిరిమల్లె: ఊరి పేరయింది. అసలు సన్యాసుల చిన్న చిన్న గదులని అరబీ భూగోళ రచయిత యాఖూత్ రాశాడు.

గ్రంథాలయం: మఠాలంటే మద్యమేనా? బాగ్దాద్ ఖలీఫా మహదీ అడిగితే అక్కడి క్రైస్తవ శాఖ పెద్ద, పేట్రియార్క్ తిమోతి, అరిస్టాటిల్ తర్కగ్రంథం 'టాపిక్స్'ని అరబీలోకి తెచ్చాడు. అరిస్టాటిల్ మీద వ్యాఖ్యానాల కోసం మోసుల్ దగ్గరి మార్ మత్తయి మఠంలో వాకబు చేయమని ఉత్తరం రాశాడు. ఆ మఠం ఆయన శాఖది కూడా కాదు! నాకు దైర్ అనగానే ఆ పుస్తకాల అలమరే గుర్తొస్తుంది.

సిరిమల్లె: ఒప్పుకుంటాను. కానీ కవిత్వంలో గెలిచింది మద్యమే. పారసీకి వచ్చేసరికి కవి హాఫిజ్ "దైర్-ఎ-ముగాన్" (అగ్నిపూజారుల మఠం) పానశాల అయిపోయింది. గాలిబ్ ఆ వాసన ఎరగనివాడా? నేనైతే "మఠం" అనే రాస్తాను.

పాతబస్తీ: తెలుగులో మఠం అంటే శృంగేరి గుర్తొస్తుంది. గుడే ఉంచండి.

పద్యప్రియ: రెండో పాదం దొరికింది. "బైఠే హైఁ రహగుజర్ పె హమ్..." తర్వాత "గైర్ (పరాయివాడు) హమేఁ"నా, "కోయీ (ఎవరైనా) హమేఁ"నా?

పాతబస్తీ: గైర్.

కృష్ణాతీరం: నేను విన్నది కోయీ.