ట్రాన్స్‌ఫర్ అయి ఏడాది కావొస్తోంది, పాత ఇల్లు ఇంకా క్లోజ్ కాలేదు. ఖర్చులు ఇస్తారా?

హంట్స్‌విల్_కొత్త:
నమస్తే అండి. నాది ఫెడరల్ ఉద్యోగం, మేరీల్యాండ్ నుంచి అలబామాకి వేశారు. ఇక్కడ చేరి పదకొండో నెల నడుస్తోంది. పాత ఇల్లు రెండుసార్లు బేరం కుదిరి తప్పిపోయింది, రెండోసారైతే మరీ ఘోరం, క్లోజింగ్ (డబ్బు కట్టి ఇల్లు చేతులు మారే రోజు) ఇంకో మూడు రోజులుందనగా కొనేవాళ్ల లోన్ బ్యాంకు ఆపేసింది. ఇప్పుడు మూడో పార్టీ దొరికింది కానీ క్లోజింగ్ తారీఖు, అమ్మకం ఖర్చులు ఆఫీసు తిరిగి ఇవ్వడానికున్న ఏడాది గడువు దాటిన తొమ్మిదో రోజున పడింది. కాంట్రాక్టు గడువులోపే రాసుకున్నాం కదా, ఏజెంట్ కమిషన్ అదీ క్లెయిమ్ చేసుకోవచ్చా? అక్కడ మార్ట్‌గేజ్, ఇక్కడ అద్దె, మా ఆవిడ రోజూ లెక్కలు చూపిస్తోంది.

డీసీ_మెట్రో:
కాంట్రాక్టు తారీఖు పనికిరాదండి. ఫెడరల్ ఉద్యోగుల ప్రయాణ, బదిలీ ఖర్చుల నిబంధనలు, అదే ఫెడరల్ ట్రావెల్ రెగ్యులేషన్, 302-11.21 ప్రకారం క్లోజింగే ఏడాదిలోపు అవ్వాలి, ఆ ఏడాది కూడా ఆర్డర్ వచ్చిన రోజు నుంచి కాదు, కొత్త చోట డ్యూటీలో చేరిన రోజు నుంచి. కంగారు పడకండి, దాని కిందే 302-11.22 ఉంది. కారణం మీ చేతిలో లేనిదై, మీ ఏజెన్సీ (మీరు పనిచేసే శాఖ) ఒప్పుకుంటే ఇంకో ఏడాది దాకా పొడిగించొచ్చు. బ్యాంకు లోన్ ఆపేస్తే మీరేం చేస్తారు? కాకపోతే అది దానంతటదే రాదు, అడగాలి. 2011కి ముందు రెండేళ్లు, ఆపైన ఇంకో రెండేళ్లు ఉండేది, ఆఫీసులో పాతవాళ్లు ఇప్పటికీ ఆ లెక్కే చెప్తారు, వినకండి.

ఒహాయో_అక్క:
నేను ఇక్కడే దెబ్బతిన్నా. రీలొకేషన్ చూసే ఆయన ఫోన్‌లో "ఏం ఫర్వాలేదు, ఇచ్చేస్తారు" అన్నాడు, ఆ మాట పట్టుకుని కూర్చున్నా. గడువు అయ్యాక కూడా 30 రోజుల్లోపు అడగొచ్చని 302-11.23లో ఉంది, నాకు తెలిసేసరికి నాలుగు నెలలైంది. ఇరవై వేల డాలర్ల పైచిలుకు చేతి నుంచి పోయింది. ఇలాంటి క్లెయిముల మీద అప్పీళ్లు వినే సివిలియన్ బోర్డ్ ఆఫ్ కాంట్రాక్ట్ అప్పీల్స్‌కి వెళ్దామని వాళ్ల పాత తీర్పులు తిరగేస్తే, అధికారి తప్పుగా చెప్పినా ఆ నోటిమాటకి ప్రభుత్వం కట్టుబడదని రాసుంది, దాంతో ఊరుకున్నా. ఇవాళే మెయిల్ పెట్టు తమ్ముడూ, జవాబు కూడా రాతలోనే తీసుకో.

హంట్స్‌విల్_కొత్త:
థాంక్స్ అక్కా, రాత్రికే పంపుతా. "మార్కెట్ డల్‌గా ఉంది" అని రాస్తే చాలా?

డీసీ_మెట్రో:
ఆ ఒక్క ముక్కతో ఒప్పుకునే మేనేజర్ మీకు దొరికితే అదృష్టవంతులే. ఎప్పుడు లిస్ట్ చేశారు, ధర ఎన్నిసార్లు తగ్గించారు, రద్దయిన రెండు కాంట్రాక్టులు, బ్యాంకు తిరస్కరించిన లెటర్, అన్నీ జతచేయండి. అమ్మకం వైపు ఇచ్చేది అమ్మిన ధరలో 10 శాతం దాకానే, అంటే 4,80,000కి అమ్మితే 48,000 మించదు. రిపేర్లు, నష్టానికి అమ్మితే ఆ తేడా ఇందులోకి రావు. అన్నట్టు, ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?

హంట్స్‌విల్_కొత్త:
నాది, మా తమ్ముడిది. కొన్నప్పుడు లోన్ కోసం వాడి పేరు కలిపాం.

డీసీ_మెట్రో:
అయ్యో. వేరే కాపురం ఉండే తమ్ముడు మీ కుటుంబం లెక్కలోకి రాడండి, మీ వాటా మేరకే ఇస్తారు. మెయిల్ పంపేముందు డీడ్ (ఇంటి హక్కు పత్రం) తీసి ఎవరి వాటా ఎంతో చూడండి.