డాబా సెగకు సున్నమా, కూల్ పెయింటా?

ప్రశ్న (హనుమకొండ నుంచి):
మాది 150 గజాల్లో ఒక అంతస్తు ఇల్లు. పై గదిలో రాత్రి పదకొండైనా స్లాబు సెగ దిగదు. నేను ఏసీ కొందామంటే, మా ఆవిడ ముందు కప్పు సంగతి చూడమంటోంది. సున్నం సరిపోతుందా?

జవాబు 1:
అన్నా, పోయిన మార్చిల నేనే కొట్టిన. సున్నంల ఫెవికాల్ కలిపి రెండు కోట్లు. పొద్దుగూకినంక సీలింగ్‌కు చెయ్యి ఆనిస్తే తేడా తెలిసింది. కానీ ఒక్క వానాకాలానికే సగం పోయింది. అమ్మ వడియాలు పెట్టే మూల అయితే ముందే అరిగింది (ఆమెను ఏమనలేం కదా).

జవాబు 2:
తెల్లగా ఉంటే చాలదండీ. ఎండను తిప్పికొట్టాలి, పీల్చుకున్న వేడిని త్వరగా వదలాలి. ఆ రెండూ కలిపి చెప్పే అంకే ఎస్‌ఆర్‌ఐ (సోలార్ రిఫ్లెక్టెన్స్ ఇండెక్స్). కూల్ పెయింట్ డబ్బా మీద ఆ అంకె ఎక్కువున్నది చూసి కొనండి. పగుళ్లు పూడ్చకుండా మాత్రం ఏదీ వేయకండి. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీలో 600 గజాల లోపు ఇళ్లకు ఇలా వేడి పట్టని కప్పు వేయించడం ఐచ్ఛికమే. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర అలాంటి కప్పులు లక్ష్యమన్నారు. మనలాంటి చిన్న డాబాలు కలవకుండా అంత ఎక్కడ తెస్తారో!

అడిగినవారు:
పగుళ్లు రెండున్నాయి, ట్యాంకు కింద. ఈ ఏడాదికి సున్నమే. ఏసీ మాట ఇంట్లో ఎత్తను.