డిస్నీలాండ్ ఏడాది పాస్ ఈ రేట్లకి ఇంకా గిట్టుబాటేనా? అమ్మానాయనకి కూడా తీస్తానంటన్నాడు మా బావ

మూలపేట_కుర్రోడు:
అందరికీ నమస్తే. మాది నెల్లూరు. అక్కా బావా కాలిఫోర్నియాలో ఇర్వైన్‌లో ఉంటారు, డిస్నీలాండ్ ఉండే ఆనహైమ్ వాళ్ళింటికి కార్లో అరగంట లోపే. అమ్మా నాయనా వచ్చే నెల పోతన్నారు, ఆరు నెలలు ఉండొస్తారు. ఇప్పుడు ఇంట్లో పంచాయితీ ఏందంటే అక్కావాళ్ళ ఏడాది పాస్‌లు రెన్యూవల్‌కి వచ్చినయ్యి, ఎట్టాగూ తీస్తన్నాం గదా అత్తకి మామకి కూడా తీసేద్దాం అంటన్నాడు బావ. అన్నిట్లోకి పెద్ద పాస్ ఇన్‌స్పైర్ కీ అంట, మనిషికి 1,899 డాలర్లు. నేను నోరు మూసుకోని ఉండకుండా నాయన ముందరే ఫోన్‌లో కొట్టి చూపించా, తలకి లక్షా డెబ్బై వేలు పైన వచ్చింది. అంతే, ఆయన "మైపాడు బీచ్‌కి పోయేదానికి టిక్కెట్టు లేదు గదా, నేనాడికి రాను పో" అని కూర్చున్నాడు. అమ్మేమో మనవరాలితో పోవాలని ఆశ పడతంది.

అక్కావాళ్ళు మొదట 2021లో తీసుకున్నప్పుడు ఇట్టాంటి పెద్ద పాసే 1,399 అంట. ఏటా పెంచతానే ఉన్నారు. పాపకి ఐదేళ్ళు, బాబుకి ఇంకా మూడు నిండలా. పాస్ ఉన్నోళ్ళు గానీ, ఊర్నించి పెద్దోళ్ళు వచ్చినప్పుడు తీసకపోయినోళ్ళు గానీ ఉంటే చెప్పండబ్బా, ఇది నిజంగా గిట్టుబాటేనా లేకపోతే అలవాటు మీద కడతన్నారా?

కావలి_టు_కాలిఫోర్నియా:
తమ్ముడూ మాది కావలి, ఇప్పుడుండేది మీ అక్కావాళ్ళ పక్క ఊళ్ళోనే, మాకూ పాస్ ఉంది. మీ అక్కావాళ్ళ సంగతి వేరు, అమ్మానాయన సంగతి వేరు, రెండూ కలిపేసి చూడొద్దు.

అమ్మానాయనకి అయితే నేను వద్దనే చెప్తా. అన్నిట్లో చవకది ఇమాజిన్ కీ, అది సదరన్ కాలిఫోర్నియాలో కాపురం ఉండేవాళ్ళకే ఇస్తారు, అడ్రస్ ప్రూఫ్ చూపించాలి, విజిటర్ వీసా మీద వచ్చినోళ్ళకి అది రాదు. నెలనెలా కొంచెం కొంచెం కట్టే స్కీము కూడా కాలిఫోర్నియా వాళ్ళకే. అంటే మీవాళ్ళకి మిగిలేది పై రేటు పాస్‌లు, అదీ మొత్తం ఒకేసారి కట్టి. పోనీ కట్టారే అనుకో, ఉండేది ఆరు నెలలు, మిగతా సగం ఏడాది ఆ పాస్ నెల్లూర్లో బీరువాలో పెట్టుకుంటారా?

ఒకరోజు టిక్కెట్టు జనం లేని రోజుల్లో 104 డాలర్ల నుంచి మొదలు, బాగా రద్దీ రోజుల్లో 224 దాకా పోతది, రోజుని బట్టి రేటు. మీవాళ్ళకి సెలవుల గోల లేదు కాబట్టి జనవరి ఫిబ్రవరిలో మంగళవారమో బుధవారమో చూసి పొమ్మను. 1,899కి ఆ చవక టిక్కెట్లు మనిషికి పద్దెనిమిది వస్తాయి. అన్నిసార్లు మీ నాయన పోతాడా? మా నాయనైతే రెండోసారికే "మళ్ళీ అదేనా" అన్నాడు.

పాస్ ఉన్నా గూడా లేచి ఇష్టమొచ్చినప్పుడు పోయేదానికి లేదు, ముందుగా రిజర్వేషన్ చేసుకోవాలి. చేసుకోని పోకపోతే లెక్క రాసుకుంటారు, 90 రోజుల్లో మూడుసార్లు అట్టా ఎగ్గొడితే 30 రోజులు కొత్త బుకింగ్ చెయ్యనియ్యరు. పెద్ద పాస్‌కి కూడా డిసెంబర్ 21 నుంచి జనవరి 1 దాకా తలుపులు మూసే ఉంటాయి. ఇంకోటి, పాస్‌లో పిల్లలకి తక్కువ రేటు అనేది లేదు, ఐదేళ్ళ పాపకీ మీ బావకీ ఒకటే రేటు. మూడేళ్ళు నిండని బాబుకి మాత్రం టిక్కెట్టే అక్కర్లేదు, నిండేలోపు తిప్పుకున్నంత లాభం.

కొత్తపట్నం_కెరటం:
అంత దూరం ఎందుకన్నా, చెన్నై దగ్గర తిరుప్పోరూరులో వండర్‌లా తెరిచారు గా 2025 డిసెంబర్‌లో, టిక్కెట్టు 1,489 రూపాయల నుంచి. తెల్లారుజామున కార్లో హైవే ఎక్కితే గేటు తీసేలోపు ఆడుంటారు. లక్షా డెబ్బై వేలకి మీ వీధి వీధంతా వచ్చిద్ది 😂

మూలపేట_కుర్రోడు:
@కొత్తపట్నం_కెరటం అన్నా మావాళ్ళు పోయేది అమెరికాకి, వండర్‌లాకి నేను తీసకపోతాలే వచ్చినాక 😂

ఒంగోలు_సుజాతమ్మ:
బాబూ, నేను రిటైరైన టీచర్ని. మా అమ్మాయి కూడా అక్కడే, మేమిద్దరం వెళ్ళొచ్చాం. పైన ఆయన చెప్పిన డబ్బు లెక్క కరెక్టే, కానీ ముసలాళ్ళ కోణంలో ఇంకోటుంది, అది కూడా విను.

మేము టిక్కెట్టు మీద వెళ్ళాం. టిక్కెట్టు కొన్నాక ఏమవుతుందంటే, అంత పోశాం కదా అని పొద్దున్నే గేటు తెరవకముందు నిలబడి రాత్రి బాణాసంచా దాకా లాగాల్సిందే. మధ్యాహ్నానికే మా ఆయన మోకాళ్ళు పట్టుకుని బెంచీ మీద కూలబడ్డారు, మా అల్లుడేమో "ఇంకా సగం కూడా చూళ్ళేదు మామయ్యా" అంటాడు, ఇంటికి పోదామంటే ఆ పిల్లాడు చిన్నబుచ్చుకుంటాడని నోరెత్తలేం. పాస్ ఉన్నవాళ్ళు అట్లా కాదు. మా అమ్మాయి స్నేహితురాలు వాళ్ళ అత్తగారిని సాయంత్రం నాలుక్కి తీసుకొచ్చేది, పార్కు చుట్టూ తిరిగే రైలెక్కించి, ఆ బొమ్మల పడవ ఉంటుంది ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ అని, అదెక్కించి, కాసేపు కూర్చోబెట్టి ఏడు గంటలకల్లా ఇంటికి. ఆవిడకి అలుపూ లేదు, డబ్బులు వేస్టయినాయనే బాధా లేదు. మా వయసుకి నప్పేది అదే. దానికి లక్షా డెబ్బై వేలు పెట్టాలా అంటే అది మీ బావగారి ఇష్టం, నేనైతే పెట్టమనను, కానీ ఎందుకూ పనికిరాదు అనే మాట కూడా ఒప్పుకోను.

ఒకటి మాత్రం జాగ్రత్త. ఇదివరకు లైన్లో నిలబడలేని వాళ్ళకి డీఏఎస్ అని ఒక ఏర్పాటు ఉండేది, 2024లో దాన్ని కట్టుదిట్టం చేశారు, ఇప్పుడు ముఖ్యంగా ఆటిజం లాంటివి ఉన్నవాళ్ళకే. మోకాళ్ళ నొప్పులు అంటే వీల్‌చైర్ అద్దెకి తీసుకోండి అంటారు. మొహమాటపడకుండా తీసుకోమను, మా ఆయన ఎవరో చూస్తారని వద్దన్నారు. ఆనహైమ్‌లో ఈయన్ని చూసేది ఎవరో నాకైతే అర్థం కాలా.

ట్రంకురోడ్డు_లెక్కలు:
రేట్లు ఎందుకు పెరగతన్నాయో ఎవరూ చెప్పలా, నేను చెప్తా, నా పనే ఖాతాలు చూడటం. కరోనాకి 2020 మార్చిలో డిస్నీలాండ్ మూసి 2021 ఏప్రిల్ 30న తెరిచారు. మూసున్నప్పుడే 2021 జనవరిలో పాత ఏడాది పాస్‌లు మొత్తం రద్దు చేశారు. అదే ఏడాది ఆగస్టులో మ్యాజిక్ కీ అని కొత్త పేరుతో నాలుగు రకాలు దించారు, 399, 649, 949, 1,399. అందులో 399ది 2024 అక్టోబర్‌కి 599 అయింది. పెద్దది ఇప్పుడు 1,899, అంటే నాలుగేళ్ళలో మూడో వంతు పైనే పెంచారు. మనకి రూపాయల్లో ఇంకా జాస్తిగా కనపడేది ఎందుకంటే అప్పుడు డాలరు 74 దగ్గరుండేది.

పాస్ ఉన్నోడు ఏం చేస్తాడు? ఇంట్లో తిని వస్తాడు, రెండు గంటలుండి పోతాడు, హోటల్ రూమ్ తీసుకోడు, బొమ్మ కొనడు. దూరం నుంచి ఏడాదికోసారి వచ్చేవాడు అన్నిట్లో ఖర్చు పెడతాడు. 2022లో కంపెనీ తన లెక్కలు చెప్పేటప్పుడు వచ్చే జనంలో ఏ రకం వాళ్ళు ఎంతమంది అనేది మాకు అనుకూలంగా లేదు అనే అర్థంలో ఒక మాట రాసుకుంది, పాస్‌లోళ్ళు అందరూ మా గురించే అని మండిపడ్డారు. ఇంతకుముందు ఫాస్ట్‌పాస్ అని లైను తప్పించేది ఊరికే ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు లైట్నింగ్ లేన్ అని దానికి విడిగా డబ్బులు. సుజాతమ్మ గారు చెప్పిన ఆ సాయంత్రం నాలుగింటి అత్తగారే వాళ్ళకి గిట్టని గిరాకీ, ఆమెని తగ్గించేదానికే ఈ పెంచుడంతా అని నేననుకుంటన్నా.

ఇంకా తమాషా ఏందంటే, ఆ 1,399 పాస్‌ని ఏ రోజూ మూత లేదని చెప్పి అమ్మారు, తీరా రిజర్వేషన్లు దొరకడంలేదని ఒకామె కోర్టుకి పోయింది. 2023లో 95 లక్షల డాలర్లకి రాజీ చేసుకున్నారు. లక్ష మంది పైనున్న పాస్‌దారులకి పంచితే తలకి 67 డాలర్ల చిల్లర. రెండు పార్కింగ్‌లకి కూడా చాలదు.

కావలి_టు_కాలిఫోర్నియా:
@ట్రంకురోడ్డు_లెక్కలు పార్కింగ్ అంటే గుర్తొచ్చింది అన్నా, 2024లోనే రోజుకి 35 డాలర్లు. పెద్ద పాస్‌లో అది కలిసే ఉంటది. ఇంట్లో ఒక్కరికి పెద్ద పాస్ తీసి, వాళ్ళ కార్లో అందరూ పోయి, మిగతావాళ్ళు చిన్న పాస్‌లో ఉండేవాళ్ళు ఈడ చానామంది. తమ్ముడూ మీ అక్కావాళ్ళకి అది చెప్పు. అందరికీ పెద్దది ఎందుకు? పాప ఇప్పుడు స్కూల్‌కి పోతంది కాబట్టి శని ఆదివారాలు వదిలితే పోలేరు, ఆ రోజుల్లో చిన్న పాస్‌లకి మూతలెక్కువ, ముందు క్యాలెండర్ తెరిచి చూసుకోమను. సుజాతమ్మ గారు చెప్పింది నిజమే గానీ అమ్మా, ఆ సాయంత్రం షికారుకి పక్కనే బ్యూనా పార్క్‌లో నాట్స్ బెర్రీ ఫామ్ అని ఇంకో థీమ్ పార్కు ఉంది, పది పదకొండు కిలోమీటర్లు అంతే, సీజన్ పాస్ డిస్నీతో పోలిస్తే చాలా చవక. మా అమ్మకి అదే నచ్చింది, చెట్లు జాస్తి.

మూలపేట_కుర్రోడు:
అందరికీ థాంక్సబ్బా. రాత్రి బావకి ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించా. పోయిన ఏడాది ఎన్నిసార్లు పోయారో యాప్‌లో తీసి చూడమన్నా, చూసి కాసేపు మాట్లాడలా, అక్క పక్కనుంచి నవ్వతంది. అమ్మానాయనకి పాస్ ఆలోచన మానుకున్నాడు, చవక రోజు చూసి టిక్కెట్లు తీస్తాడంట, సుజాతమ్మ గారు చెప్పినట్టు వీల్‌చైర్ కూడా, మధ్యాహ్నం అలిసిపోతే ఎవరూ ఏమీ అనకుండా వచ్చెయ్యాలని మాట తీసుకున్నా. వాళ్ళ రెన్యూవల్ సంగతి ఇంకా తెగలా, పాప ఒప్పుకోదంట.

నాయన ఇప్పుడు కొంచెం మెత్తబడి వేరే డౌట్ అడగతన్నాడు. లోపల తిండి రేట్లు ఎట్టుంటాయి, ఇంటి దగ్గర్నించి కట్టుకోని పోతే రానిస్తారా అని. అమ్మ చేపల పులుసు తీసకపోవచ్చా అని కూడా అడగమన్నాడు, నన్ను తిట్టొద్దండి.

ఒంగోలు_సుజాతమ్మ:
రానిస్తారు బాబూ, మేము పులిహోర, పెరుగన్నం రెండూ తీసుకెళ్ళాం. గాజు సీసాలు ఒప్పుకోరు, ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోమను. వేడి చెయ్యాల్సినవీ ఘాటు వాసన వచ్చేవీ తేవొద్దని వాళ్ళ రూల్స్‌లోనే ఉంది కాబట్టి చేపల పులుసు ముందురోజు రాత్రి ఇంట్లోనే తినేసి రమ్మను మీ నాయన్ని.